సీక్వెన్సింగ్‌కు డబ్బిస్తున్నారు, డేటా చదవడం ఎవరు నేర్పుతారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల ఛైర్మన్లకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ

విషయం: జీవశాస్త్ర పరిశోధక విద్యార్థులకు బయోఇన్ఫర్మేటిక్స్ శిక్షణ గురించి

అయ్యా, అమ్మా, నమస్కారం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. జీవశాస్త్రాల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు బయోఇన్ఫర్మేటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే విద్య) శిక్షణ పేరుతో మనం నడుపుతున్న రెండు రోజుల వర్క్‌షాపులు ఆపండి. ఆ డబ్బుతోనే మూడు నెలలపాటు వారం వారం నడిచే ఉమ్మడి కోర్సు ఒకటి పెట్టండి. అందరినీ హైదరాబాద్ రమ్మనకుండా మహబూబ్‌నగర్‌లో, నిజామాబాద్‌లో, శ్రీకాకుళంలో, అనంతపురంలో, ఎక్కడి పిల్లలకు అక్కడే పెట్టండి. శాంపిల్ సీక్వెన్సింగ్‌కు, అంటే దాని జన్యు అక్షరాలను యంత్రంతో చదివించడానికి, పోకముందే ఆ కోర్సు పూర్తయ్యేలా చూడండి.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. కంప్యూటర్ పని కాస్త తెలుసని పేరు పడటంతో మా విభాగం పిల్లలే కాక చుట్టుపక్కల కాలేజీల స్కాలర్లూ నా గదికి వస్తుంటారు. బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, వ్యవసాయం, సబ్జెక్టు ఏదైనా చేతిలో ఒక హార్డ్ డిస్కు, సీక్వెన్సింగ్ చేసిన కంపెనీ పంపిన రంగురంగుల పీడీఎఫ్ రిపోర్టు ఉంటాయి. "సార్, ఇందులో ఏముందో కాస్త చెప్పండి" అంటారు.

అలా వచ్చిన ఒకమ్మాయి సంగతి చెప్పాలి. పంట పేరు చెప్పను, చెబితే ఎవరో తెలిసిపోతుంది. నీటి ఎద్దడిలో ఆ మొక్కలో ఏయే జీన్లు పని మొదలుపెడతాయన్నది ఆమె పరిశోధన. మంచి ప్రశ్న. నీళ్లు పోసిన మొక్క నుంచి ఒక ఆకు, నీళ్లు ఆపిన మొక్క నుంచి ఒక ఆకు తీసి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు (ఏ జీన్ ఎంత పని చేస్తోందో చూపే పరీక్షకు) పంపింది. ఫెలోషిప్‌లో వచ్చే కంటింజెన్సీ సొమ్ము దాదాపు అంతా దానికే అయిపోయింది. రిపోర్టులో వేల జీన్ల జాబితా, జీన్ల హెచ్చుతగ్గులను ఎరుపు ఆకుపచ్చ రంగుల్లో చూపే హీట్‌మ్యాప్‌లు, చూడ్డానికి ఎంతో బాగున్నాయి. "ఇందులో నిజంగా నీళ్లు లేకపోవడం వల్ల మారినవి ఏవి సార్?" అని అడిగింది. ఆ డేటాతో అది ఎవరూ చెప్పలేరు. ఒకే పొలంలో, ఒకే విత్తనంతో, ఒకేలా నీళ్లు పోసి పెంచిన రెండు మొక్కల మధ్య కూడా వందల జీన్లలో తేడా కనిపిస్తుంది. ఆ సహజమైన తేడా ఎంతో తెలియాలంటే ఒక్కో వైపు కనీసం మూడు మొక్కలుండాలి, వీలుంటే ఆరు. ఒకటికి ఒకటి పెట్టి పోలిస్తే వచ్చేది రెండు మొక్కల మధ్య తేడా మాత్రమే, ఎద్దడి ప్రభావం కాదు.

కంపెనీని ఏమనగలం? రెండు శాంపిళ్లు ఇచ్చారు, రెండు చేసి పంపారు. ఆ అమ్మాయినీ ఏమనలేం. ఎం.ఎస్సీలోనూ, పీహెచ్‌డీ కోర్సువర్క్‌లోనూ ఈ ముక్క ఆమెకు చెప్పిన మనిషి లేడు. గైడ్‌కూ తెలియదు, ఆయన చదువుకున్న రోజుల్లో ఈ యంత్రాలే లేవు.

గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఈ జబ్బును 1938లోనే పట్టుకున్నాడు. అదీ మన దేశంలోనే, కలకత్తాలో జరిగిన భారత గణాంక శాస్త్ర మహాసభలో. ప్రయోగం ముగిశాక గణాంకాల మనిషి దగ్గరికి పోవడమంటే తరచుగా శవపరీక్ష చేయమని అడగడమేనని, దేనితో పోయిందో మాత్రం అతను చెప్పగలడని అక్కడ అన్నాడు. నా గదిలో జరుగుతున్నది ఆ పోస్ట్‌మార్టమే. ఆ కలకత్తాలోనే తర్వాత ప్రపంచ ఖ్యాతి పొందిన సి.ఆర్. రావు గారు లెక్కల్లో ఎం.ఏ. చదివింది మన ఆంధ్రా విశ్వవిద్యాలయంలో. అలాంటి నేల మీద జీవశాస్త్రం పిల్లలకు పి-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశాన్ని చెప్పే సంఖ్య) అంటే ఇప్పటికీ టెన్షన్.

హార్డ్ డిస్కులో ఉండేది ఏమిటో ఒకసారి దగ్గర్నుంచి చూపిస్తాను, ఎందుకంటే శిక్షణ మొదలు కావాల్సింది అక్కడే. ఆ ఫైళ్లను ఫాస్ట్‌క్యూ ఫైళ్లంటారు. తెరిస్తే నాలుగేసి వరుసలుగా కనిపిస్తాయి. మొదటి వరుసలో ఆ ముక్క గుర్తింపు. రెండో వరుసలో ఏ, సీ, జీ, టీ అక్షరాలు, అంటే యంత్రం చదివిన డీఎన్‌ఏ. మూడో వరుసలో ఒక ప్లస్ గుర్తు. నాలుగో వరుస చూస్తే పిచ్చి గీతల్లా ఉంటుంది, కామాలు, ప్రశ్నార్థకాలు, హ్యాష్ గుర్తులు. చాలామంది పిల్లలు దాన్ని చెత్త అనుకుంటారు. నిజానికి యంత్రం తన మీద తనకున్న నమ్మకాన్ని రాసుకునే చోటు అది. ప్రశ్నార్థకం ఉంటే స్కోరు 30, అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం వెయ్యింట ఒకటి. హ్యాష్ గుర్తు ఉంటే స్కోరు 2, ఆ అక్షరాన్ని నమ్మొద్దని యంత్రమే చెబుతోందన్నమాట. ఇలాంటి నాలుగు వరుసల ముక్కలు ఒక్కో శాంపిల్‌కు రెండు మూడు కోట్లుంటాయి. ఆ నాలుగో వరుస చదవడం రాని మనిషి, కంపెనీ ఇచ్చిన హీట్‌మ్యాప్‌ను నమ్మడం తప్ప ఏం చేయగలడు? వైవాలో ఎగ్జామినర్ "ఈ కటాఫ్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగితే కంపెనీవాళ్లు పెట్టారు సార్ అని చెప్పాలి. ఈ జవాబు విన్నవాళ్లు ఈ లేఖ చదివేవాళ్లలోనూ ఉంటారు.

ఇక మన వర్క్‌షాపులు. మొదటి రోజు పదిన్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత ప్రార్థనా గీతం, బొకేలు, శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద ఉన్న ప్రతివారి ప్రసంగం. టీ అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. భోజనాల తర్వాత బయోఇన్ఫర్మేటిక్స్ చరిత్ర మీద స్లైడ్లు. రెండో రోజు హ్యాండ్స్ ఆన్ అంటారు. కంప్యూటర్ ఒకటి, దాని చుట్టూ నలుగురు. కీబోర్డు దగ్గర కూర్చున్నవాడు తప్ప మిగతా ముగ్గురూ ప్రేక్షకులే. సాఫ్ట్‌వేర్ ముందుగా ఎక్కించి ఉండదు, అందరూ ఒకేసారి డౌన్‌లోడ్ మొదలెడితే వైఫై చేతులెత్తేస్తుంది. మూడింటికి ఎలాగో బ్లాస్ట్‌లో (పోలికున్న సీక్వెన్స్‌లను వెతికే సాధనంలో) ఒక సీక్వెన్స్ వెతికించి, ఒక ప్రోటీన్‌కు ఒక మందు అణువును డాకింగ్ చేయించి, అంటే ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో చూపించి, నాలుగింటికి ముగింపు సభ, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. నేను వక్తగా పోయినచోట్ల ఎంత మంచి విద్యార్థి అయినా సోమవారం తన ల్యాబ్‌కు వెళ్లి తన డేటా మీద ఆ పని చేయలేకపోవడమే చూశాను. ఎర్రర్ మెసేజ్ ఒకటి వస్తుంది, అడగడానికి ఎవరూ ఉండరు, ఫైల్ మూసేస్తారు. డాకింగ్ మాత్రం అందరికీ బాగా అబ్బింది, బొమ్మ అందంగా వస్తుంది కాబట్టి. మన దగ్గర్నుంచి వస్తున్న పేపర్లలో డాకింగ్ బొమ్మలు ఎందుకింత ఎక్కువో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇలాంటి సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నవాళ్లు కూడా జీన్ల జాబితాను ఎక్సెల్‌లోనే తెరుస్తారు. అక్కడో ప్రమాదముంది. మార్చ్1 అనే జీన్ పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చేస్తుంది, సెప్ట్2ను సెప్టెంబర్ 2 చేస్తుంది. 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఎక్సెల్ జీన్ జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయి. అవి పెద్ద పెద్ద పత్రికల్లో వచ్చిన పేపర్లే. చివరికి మానవ జీన్లకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే తలొగ్గి 2020 నాటికి ఆ జీన్ల పేర్లు మార్చేసింది. ఇది మన వెనకబాటు మాత్రమే కాదని చెప్పడానికి రాశాను. పొరపాటు ఎక్కడైనా జరుగుతుంది. పట్టుకునే అలవాటు నేర్పేవాళ్లు పక్కన ఉన్నారా లేరా అన్నదే తేడా.

"ఆన్‌లైన్‌లో అన్నీ ఉచితంగా ఉన్నాయి కదా, నేర్చుకోవచ్చుగా" అని మీలో కొందరు అంటారని తెలుసు. ఉన్నాయి, నిజమే. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లో ఉన్న యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పాఠాలు ఎవరైనా ఎప్పుడైనా చదువుకోవచ్చు. జీవశాస్త్ర డేటాను విశ్లేషించుకునే ఉచిత వేదిక గెలాక్సీ, దాని శిక్షణ బృందం పెట్టిన పాఠాలైతే అభ్యాసానికి కావలసిన డేటాతో సహా దొరుకుతాయి. మన ఐఐటీల ఆచార్యులు ఎన్‌పీటెల్‌లో చెప్పిన కోర్సులున్నాయి, పరీక్ష రాస్తేనే రుసుము. వీటిని మొదలుపెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు, చివరిదాకా వెళ్లినవాళ్లు బహు తక్కువ. బద్ధకం కాదు. మూడో పాఠంలో ఒక మాట అర్థం కాదు, ఒక కమాండ్ పని చేయదు, అక్కడ ఆగిపోతారు. పక్కన కూర్చుని స్క్రీన్ వైపు వేలు చూపించి "ఇక్కడ ఖాళీ వదిలావు చూడు" అనే మనిషి ఒకడుంటే రెండు నిమిషాల పని. ఆ మనిషి లేక మూడు వారాలు పోతాయి.

కొందరు అమీర్‌పేట వెళ్తున్నారు. ప్రపంచానికి ప్రోగ్రామర్లను పంపిన వీధులు అవి, తక్కువ చేయను. పైథాన్ శ్రద్ధగానే నేర్పుతారు. కాకపోతే ఉద్యోగుల జీతాల టేబుల్ మీద, బ్యాంకు ఖాతాల మీద నేర్పుతారు. అక్కడ నేర్చుకున్న పిల్లవాడు ఫాస్ట్‌క్యూ ఫైల్ ముందు మళ్లీ మొదటికొస్తాడు.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఇన్ని గొప్ప సంస్థలున్న నగరం దేశంలో మరొకటి చూపించడం కష్టం. అప్పుడప్పుడు వాళ్లూ శిక్షణ ఇస్తారు, బాగానే ఇస్తారు. సీట్లు మాత్రం కొద్ది, దరఖాస్తులు కొల్లలు. పైగా వారం పది రోజులు ఊరు వదిలి పోవాలి. చంటిపిల్లలున్న మహిళా అధ్యాపకులకు, కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకు అది కుదిరే పని కాదు.

దేశం ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొన్నదేమీ కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 1986-87లోనే దేశమంతా విశ్వవిద్యాలయాలను కలుపుతూ బయోఇన్ఫర్మేటిక్స్ నెట్‌వర్క్ మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అన్న మాట మన ఊళ్లలో ఎవరూ వినని రోజులవి. అలాంటి నెట్‌వర్క్ పెట్టుకున్న తొలి దేశాల్లో మనది ఒకటి. అంతకుముందే, 1963లో, మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మడతపడగలదో లెక్కగట్టి గీసిన పటాన్ని ఇవాళ్టికీ ప్రపంచంలో ప్రతి ప్రోటీన్ నిర్మాణాన్నీ సరిచూడటానికి వాడుతున్నారు. పునాది అంత గట్టిది. గోడ లేవలేదంతే.

ఎలా లేపాలో ఆఫ్రికా చేసి చూపించింది. అక్కడ 2012లో హెచ్3ఏబయోనెట్ అని ఖండవ్యాప్తంగా ఒక నెట్‌వర్క్ పెట్టారు, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం దానికి కేంద్రం. వాళ్ల సమస్యలు మనవే: నెట్ సరిగా ఉండదు, నేర్పేవాళ్లు తక్కువ, దూరాలు ఎక్కువ. 2016లో వాళ్లు మూడు నెలల పరిచయ కోర్సు మొదలుపెట్టారు. పాఠాలను ముందే రికార్డు చేసి తరగతి గదులకు పంపేవారు, కాబట్టి నెట్ పోయినా పాఠం ఆగదు. వారానికి రెండు రోజులు విద్యార్థులు తమ ఊళ్లోనే ఒక గదిలో కలిసి కూర్చుని పాఠం చూసి, అక్కడే అభ్యాసం చేసేవారు. గదిలో స్థానిక సహాయకులు ఉండేవారు. ఆ తర్వాత పాఠం చెప్పిన నిపుణుడు వీడియోలో అన్ని గదులకూ ఒకేసారి వచ్చి ప్రశ్నలకు జవాబులిచ్చేవాడు. మొదటి ఏడే 10 దేశాల్లో 20 తరగతి గదులు, 360 మందికి పైగా విద్యార్థులు. 10 దేశాల మధ్య కుదిరింది, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య కుదరదా?

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన, ప్రచురణ నైతికత అనే పేపరు, పరిశోధనా పద్ధతుల కోర్సు అందులో తప్పనిసరి. మిగతావి విశ్వవిద్యాలయం ఇష్టం. జీవశాస్త్రాల్లో అందులోంచి నాలుగు క్రెడిట్లు ఈ కోర్సుకు ఇవ్వండి. చివర్లో మూడు గంటల రాత పరీక్ష పెట్టొద్దు, దయచేసి. "బ్లాస్ట్ గురించి సంగ్రహంగా రాయండి" అనే ప్రశ్నకు పది మార్కుల జవాబు బట్టీపట్టి రాసేవాళ్లు మనకు కొదవ లేదు. ప్రతి విద్యార్థీ ఎక్కడో బహిరంగంగా ఉన్న డేటా తీసుకుని, ఫైల్ నాణ్యత చూడటం దగ్గర్నుంచి చివరి పటం దాకా తానే చేసి, ప్రతి మెట్టులో ఏ సంఖ్య ఎందుకు పెట్టాడో రాసి ఇవ్వాలి. వేరేవాళ్లు అదే ఫైల్ నడిపితే అదే ఫలితం రావాలి. వచ్చిందా, పాస్.

తరగతి గదికి సహాయకులు ఎక్కణ్ణుంచి వస్తారంటారా? ఆ నిబంధనల్లోనే పీహెచ్‌డీ స్కాలర్లకు వారానికి 4 నుంచి 6 గంటలు బోధన సహాయం అప్పగించవచ్చని ఉంది. పాత బ్యాచ్ కొత్త బ్యాచ్‌కు చెబుతుంది. ఇంకా, మన దగ్గర ఎం.ఎస్సీ బయోఇన్ఫర్మేటిక్స్ చదివి సరైన ఉద్యోగం దొరక్క మెడికల్ కోడింగ్‌లో చేరిన పిల్లలున్నారు. వాళ్లలో ఒకరికి ఒక్కో విశ్వవిద్యాలయంలో స్టాఫ్ బయోఇన్ఫర్మేటీషియన్ పోస్టు ఇవ్వండి. ప్రయోగశాలలో యంత్రానికి టెక్నీషియన్ ఉన్నప్పుడు డేటాకు మాత్రం ఎవరూ అక్కర్లేదా?

కంప్యూటర్లు లేవన్న మాట నేను ఒప్పుకోను. గెలాక్సీ వేదిక బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లెక్కలన్నీ వాళ్ల సర్వర్ల మీద జరుగుతాయి, పాత డెస్క్‌టాప్ చాలు. ఫలానా తేదీల్లో తరగతి పెడుతున్నామని ముందుగా దరఖాస్తు పెడితే, యూరప్ గెలాక్సీవాళ్లు మన విద్యార్థుల పనులు క్యూలో ఆగిపోకుండా ప్రత్యేకంగా చోటు కేటాయిస్తారు, పైసా అడగరు. పెద్ద పనులకు జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పెట్టిన పరమ్ సేవ ఉంది. మన విశ్వవిద్యాలయాల తరఫున ఒక్కొక్కరు విడివిడిగా తిరిగే బదులు మండళ్లే ఒక ఒప్పందం మాట్లాడితే సరిపోతుంది.

పాఠం తెలుగులో చెప్పండి. కమాండ్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అవి మొదట్లో పాతిక ముప్పై మాటలకు మించవు. వాటి వెనక ఉన్న ఆలోచన, అంటే శాంపిళ్ల మధ్య తేడా ఎలా కొలుస్తాం, వేల జీన్లను ఒకేసారి పరీక్షిస్తే కాకతాళీయంగా కొన్ని ఎందుకు తేలతాయి, ఇవన్నీ తెలుగులో చెబితే ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు ఎంత చురుగ్గా ప్రశ్నిస్తాడో నా గదిలో చూస్తూనే ఉన్నాను.

గైడ్ల విషయం క్లుప్తంగా చెబుతాను, ఇబ్బందికరమైనది కాబట్టి. మాలవీయ మిషన్ బోధన శిక్షణ కేంద్రాల్లో మేం పదోన్నతుల కోసం ఎలాగూ రిఫ్రెషర్ కోర్సులు చేస్తున్నాం. జీవశాస్త్రాలవాళ్లకు ఏటా ఒకటి ప్రయోగ రూపకల్పన మీద పెట్టండి. గైడ్ కోడ్ రాయనక్కర్లేదు. ఎన్ని శాంపిళ్లు కావాలో తెలిస్తే చాలు. దాంతోపాటు ఒక చిన్న నియమం పెట్టండి: విశ్వవిద్యాలయం నిధులతో సీక్వెన్సింగ్‌కు పంపే ప్రతి ప్రతిపాదనకూ ఒక పేజీ జతచేయాలి. ఎన్ని శాంపిళ్లు, ఎందుకన్ని, డేటా వచ్చాక ఎవరు, ఏ పద్ధతిలో విశ్లేషిస్తారు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే బిల్లు పాస్ చేయొద్దు. నా లేఖలో ఇంకేదీ మీకు నచ్చకపోయినా ఈ ఒక్కటి రేపే చేయొచ్చు, ఖర్చు ఒక సర్క్యులర్.

సొంతంగా సీక్వెన్సింగ్ చేయించే స్తోమత లేని కాలేజీలకే ఈ విద్య ఇంకా ఎక్కువ పనికొస్తుంది. కంది జీనోమ్‌ను (మొత్తం జన్యు సమాచారాన్ని) ఇక్రిశాట్ నాయకత్వంలో తయారుచేసి 2011లో బయటపెట్టారు, శనగది 2013లో. ఆ డేటా ఎవరైనా దించుకోవచ్చు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పంట పండే చోటికి దగ్గర్లోనే చదువుకుంటున్న స్కాలర్, తన కంప్యూటర్ ముందు కూర్చుని ఆ జీనోమ్‌లో తెగుళ్లను తట్టుకునే జీన్ కుటుంబాలను వెతకవచ్చు. మన దేశంలోని పదివేల మంది జీనోమ్‌ల సమాచారం జీనోమ్ ఇండియా పథకం కింద 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఫరీదాబాద్‌లోని భారత జీవ సమాచార కేంద్రంలో ఉంది, నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తులో ఏం అడగాలో తెలియాలన్నా ఆ డేటాతో ఏం చేయొచ్చో తెలిసి ఉండాలి కదా. లేకపోతే మన జనాల రక్త నమూనాల్లోంచి వచ్చిన డేటా మీద పేపర్లన్నీ ఇంకెక్కడో వస్తాయి, మనం వాటిని సెమినార్‌లో స్లైడ్లుగా చూపిస్తాం.

వచ్చే విద్యాసంవత్సరం కోర్సువర్క్ మొదలయ్యేలోగా రెండు మండళ్లూ కలిసి ఒక చిన్న కమిటీ వేయండి. అందులో ఆచార్యులతోపాటు ప్రస్తుతం డేటాతో కుస్తీ పడుతున్న స్కాలర్లు కనీసం ఇద్దరుండాలి. తొలి ఏడాదికి అన్ని విశ్వవిద్యాలయాలూ అక్కర్లేదు, ఒక్కో రాష్ట్రంలో మూడు జిల్లాల్లో మూడు గదులు చాలు. అందులో ఒక గది మా విభాగంలో సిద్ధంగా ఉంది, కంప్యూటర్లతో సహా. శనివారాలు అక్కడ పాఠం చెప్పడానికి నేను సిద్ధం. పన్నెండు వారాల సిలబస్ ముసాయిదా కూడా తయారుగా ఉంది, మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా పంపిస్తాను.

ఇట్లు
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ జీవశాస్త్ర అధ్యాపకుడు